అప్‌డేట్: ప్రార్థనల కూసున్నా మనసు కొట్లాట మీదికే పోతదని అడిగినోణ్ణి

పోయిన నెల అడిగిన, యాదుందా? మిర్యాలగూడ రైస్ మిల్లుల గుమస్తాను. పొద్దుగాల మోకాళ్ళ మీదున్నా భూమి పంపకంల మా అన్న అన్న మాటలే తిరుగుతయి, ఆ కోపం మా పెద్ద కొడుకు మీద పడుతుందని రాసిన.

చానామంది బైబిల్ల 2 కొరింథీ 10:5 చూడమన్నరు. "ప్రతి ఆలోచనను చెరపట్టి" (అంటే బందీగ పట్టుకొని) అన్నదాన్ని నేను ఉల్టా పట్టుకున్న. ఆలోచనే రావద్దని పండ్లు కొరుక్కుంట కూసున్న. వద్దన్నకొద్దీ ఎక్కువైంది. మా పాస్టరయ్య నవ్విండు: "పట్టుకున్నోణ్ణి ముందు పేరడుగుతరు గదయ్యా."

అప్పటిసంది జేబుల చిన్న బుక్కు. వచ్చిన ఆలోచనకు పేరు రాస్తున్న. తీరా చూస్తే సగం మా అన్న మీద కోపమే కాదు, పిల్లల ఫీజు భయం! పేరు తెలిసినంక దాని గురించే ప్రార్థన చేస్తున్న, మనసు జర అల్కగైంది.

సూర్యుడస్తమించేదాకా కోపం ఉంచుకోవద్దని ఎఫెసీ 4:26 చెప్తది. వడ్ల సీజన్ల నేను ఇల్లు చేరేసరికే తొమ్మిది, సూర్యుడు ఎప్పుడో మునిగిపాయె. అందుకే గేటు కాడ బండి ఆపి రెండు నిమిషాలు నిలబడి లోపలికి పోతున్న. పక్కింటోళ్ళు ఏమనుకుంటుండ్రో!

మొన్న మా పెద్దోని లెక్కల పేపర్ల 11 మార్కులు చూసి మళ్ళ అరిచిన. అబద్ధమెందుకు. కాని పండుకునే ముందు వాని మంచం కాడికి పోయి తప్పైంది బిడ్డా అన్న. వాడు దుప్పట్లకెళ్ళి, "డాడీ, సారు రెండు మార్కులు కలపుడు మర్చిండు, 13" అన్నడు.

అన్నకు ఇంకా ఫోన్ చెయ్యలే.