అప్‌డేట్: ఇసుకలో పసుపు పూలు, రెండూ పల్లేరే కానీ ఒకటి కావు

కళింగపట్నం ఇసుకలో పక్కపక్కనే ఉన్న రెండు పసుపు పూల మొక్కలూ పల్లేరేనా అని అడిగాను కదా. పేరుకి రెండూ పల్లేరే, కుటుంబాలే వేరు. రంగు చూసి తేల్చబోతే పప్పులో కాలేసినట్టే.

నేలకి పాకి, చింతాకులా చిన్న రెబ్బలున్నది చిన్న పల్లేరు. పువ్వుకి విడివిడిగా అయిదు రేకులు. ఎండిన కాయ అయిదు ముక్కలవుతుంది, చెప్పులో దిగేది అదే.

ఏనుగు పల్లేరు ఆకు ఒంటిది, మందం, అంచంతా పళ్లుపళ్లుగా ఉంటుంది. పువ్వు గొట్టంలా ఉంటుంది. నాలుగు పలకల కాయకి అడుగున నాలుగు ముళ్లు. ఇంకా అనుమానమా? పచ్చి కొమ్మతో గ్లాసుడు నీళ్లు కలియతిప్పండి. కోడిగుడ్డు తెల్లసొనలా జారుడుగా సాగితే ఏనుగుదే.

నా మొదటి ఫొటోలో పువ్వొక్కటే పడింది. ఆకూ కాయా కూడా తీయాల్సింది.