సాయంత్రానికి 1.4 జీబీ దాటుతున్న పైథాన్ వర్కర్: మెమరీ లీకు పట్టేదెట్లా?

అలిపిరి_కోడ్:
చిత్తూరు మామిడి మండీల తూకం చీటీల ఫోటోలు చదివే ఫ్లాస్క్ (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) సర్వీసు ఇది. పైథాన్ 3.11, గునికార్న్ అనే వెబ్ సర్వర్‌లో 2 వర్కర్లు (విడివిడి ప్రాసెస్‌లు). పొద్దున 180 ఎంబీ ఉండే వర్కర్ సాయంత్రానికి 1.4 జీబీ దాటతా ఉంది. తోతాపురి సీజన్లో ఇంకా ముందే వర్కర్ క్రాష్ అయిపోతుంది. జీసీ (గార్బేజ్ కలెక్టర్, అక్కర్లేని మెమరీని విడిపించేది) కలెక్ట్ పిలిచినా తగ్గలేదు. ఎక్కడ మొదలుపెట్టాలన్నా?

పాకాల_జంక్షన్:
జీసీ తీసేది ఒకదాన్నొకటి పట్టుకుని, బయటినుంచి ఎవరికీ అందని ఆబ్జెక్టుల్నే. ఏ గ్లోబల్ డిక్షనరీయో, క్యాషో పట్టుకోనుంటే వాటి జోలికి పోదు. కాబట్టి పట్టుకోనుండేది ఎవరో వెతకాల.

1 వర్కరే పెట్టి, ప్రోగ్రామ్ మొదట్లోనే ట్రేస్‌మాలాక్‌ను (ఏ లైను ఎంత మెమరీ తీసుకుందో రాసుకునే పైథాన్ మాడ్యూల్) 10 ఫ్రేములతో, అంటే ఆ లైనుకు దారితీసిన కాల్స్ 10 వరకు గుర్తుండేలా, స్టార్ట్ చెయ్. ఫ్రేములు పెంచేకొద్దీ అదే మెమరీ తినేస్తుంది, వేగమూ పడిపోతుంది. ముందు 50 చీటీలు పంపు, ఇంపోర్టుల లెక్క అందులో తేలిపోతుంది. జీసీ కలెక్ట్ చేసి ఒక స్నాప్‌షాట్ (ఆ క్షణానికి మెమరీ లెక్క) తియ్. ఇంకో 500 చీటీలు పంపి, మళ్లీ కలెక్ట్, మళ్లీ స్నాప్‌షాట్. రెండింటినీ లైన్ల వారీగా పోల్చి, సైజు కంటే ముందు కౌంట్ (ఎన్ని మెమరీ బ్లాకులో) చూడు. చీటీకి ఒకటో రెండో చొప్పున సరిగ్గా 500, 1000 పెరిగిన లైను మీదే అనుమానం పెట్టుకో.

అదే చీటీని 500 సార్లు పంపి కూడా చూడు. అప్పుడు పెరగకపోతే ఇన్‌పుట్‌ను కీగా పెట్టుకున్న క్యాష్ అది.

అలిపిరి_కోడ్:
ఫోటో డీకోడ్ చేసే లైన్లో +500. ఒకే చీటీ పంపినా పెరిగింది. ఆ లైను ఉండే మెథడ్ మీద ఎల్‌ఆర్‌యూ క్యాష్ (ఫలితాల్ని దాచిపెట్టే డెకరేటర్) ఉంది, మ్యాక్స్‌సైజ్ నన్, అంటే పరిమితి లేదు.

పాకాల_జంక్షన్:
దొరికింది. మెథడ్ మీద పెడితే సెల్ఫ్ (ఆ ఆబ్జెక్టే) కూడా కీలో చేరుతుంది. రిక్వెస్టుకో కొత్త రీడర్ ఆబ్జెక్టు పుడతా ఉంటే కీ ప్రతిసారీ కొత్తదే. క్యాష్ ఎప్పటికీ హిట్ కాదు (దాచింది మళ్లీ పనికిరాదు), ఫోటోతో సహా ఆబ్జెక్టు మాత్రం అందులోనే ఉండిపోతుంది. క్యాష్ ఇన్ఫో ప్రింట్ చెయ్: హిట్స్ 0, కర్‌సైజ్ (దాచినవి ఎన్నో) పెరగతా ఉంటే ఖాయం. ఆ ఆబ్జెక్టుకు మాత్రమే గుర్తుండాలంటే క్యాష్డ్ ప్రాపర్టీ (ఫలితాన్ని ఆ ఆబ్జెక్టులోనే దాచేది) వాడు. మ్యాక్స్‌సైజ్ 128కి తగ్గించినా 128 ఫోటోలు లోపలే ఉంటాయి, అది మర్చిపోవద్దు.

చంద్రగిరి_లినక్స్:
ఇది సరిచేశాక కూడా ఆర్‌ఎస్‌ఎస్ (ప్రాసెస్ నిజంగా వాడుతున్న ర్యామ్) పెరిగి, ట్రేస్‌మాలాక్ లెక్క కదలకుండా ఉంటే, సీ లైబ్రరీ సొంతంగా తీసుకునే మెమరీని అనుమానించండి. ట్రేస్‌మాలాక్‌కు అది కనపడదు. మెమ్‌రే అనే మెమరీ ప్రొఫైలర్‌ను నేటివ్ ఆప్షన్‌తో (సీ కోడ్ కాల్స్ కూడా చూపేది) నడపాల. థ్రెడ్లు ఎక్కువుంటే మాలాక్ అరీనా మ్యాక్స్‌ను (మెమరీ అరీనాలు, అంటే అరలు, ఎన్ని ఉండాలో చెప్పే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్) 2 చేసి చూడండి. గ్లిబ్‌సీ (లినక్స్‌లోని సీ లైబ్రరీ) విడిచిన మెమరీని ఓఎస్‌కు తిరిగివ్వకపోవడం కూడా లీకులాగే కనిపిస్తుంది. అంతవరకు గునికార్న్‌లో మ్యాక్స్ రిక్వెస్ట్స్ 1000 (అన్ని రిక్వెస్టులయ్యాక వర్కర్ రీస్టార్ట్), జిట్టర్ 100 (ఆ సంఖ్యకు వర్కర్‌కో తేడా) పెట్టండి, వర్కర్లన్నీ ఒకేసారి రీస్టార్ట్ కావు.