ఎల్క్ (పెద్ద జింక) భుజం మాంసం పాడవకుండా ఏ బుల్లెట్ బెటర్?

ప్రశ్న: వేట రైఫిల్ 300 విన్ మ్యాగ్‌లో పల్చటి జాకెట్ (పైనుండే రాగి తొడుగు) సీసం బుల్లెట్లు వాడుతున్నా, దగ్గర్నుంచి తగిలితే భుజమంతా నెత్తురు గడ్డకట్టి జెల్లీలా అయిపోతోంది, సగం కోసి పారేయాల్సొస్తోంది. ఏం మార్చాలి?

రిప్లై 1: అసలు సమస్య స్పీడ్ బ్రో. ఆ స్పీడ్‌కి మెత్తటి సీసం ముక్కలైపోయి చుట్టూ చిమ్ముతుంది. బాండెడ్ (తొడుగుకి సీసం గట్టిగా అతికించినది) గానీ పూర్తి కాపర్ గానీ ట్రై చెయ్, కాపరైతే బరువు దాదాపు మొత్తం నిలుపుకుని సాధారణంగా అవతలికి వెళ్ళిపోతుంది, తినే మాంసంలో సీసం గొడవా ఉండదు.

రిప్లై 2: కాపర్ ఓకే కానీ దూరం చూస్కో, చాలావాటికి తగిలేటప్పుడు సెకనుకి 1800–2000 అడుగుల స్పీడ్ అయినా ఉండాలి, లేకపోతే సరిగ్గా విచ్చుకోదు, జంతువు గాయంతో పారిపోతుంది. మాంసం మిగల్లేదన్న బాధ కంటే అది ఘోరం.

ప్రశ్న వేసినవారు: నావన్నీ 200 గజాల లోపేనండి.

రిప్లై 3: అయితే ఇంకేం, కాపరే. కాకపోతే భుజం ఎముక మీద కొడితే ఏ బుల్లెట్టయినా పాడుచేస్తుంది, ఎముక ముక్కలే లోపల చిమ్ముతాయి. పక్కకి తిరిగి నిలబడేదాకా ఆగి భుజం వెనకాల ఊపిరితిత్తుల్లోకి కొట్టు, పోతే కాస్త పక్కటెముకల మాంసమే పోతుంది. కొత్త బుల్లెట్‌కి జీరో (గురి సర్దుబాటు) మళ్ళీ చూస్కోవాలి మరి.