మూడుల్‌లో అసైన్‌మెంట్లు ‘డ్రాఫ్ట్‌’గానే ఉండిపోతున్నాయి, దారి చెప్పగలరు

ప్రశ్న (దేవరకొండ, డిగ్రీ ఉపన్యాసకుడు):
మా కళాశాల ఈ సెమిస్టర్‌లో గూగుల్ క్లాస్‌రూమ్ వదిలి మూడుల్ అనే ఆన్‌లైన్ బోధన సాఫ్ట్‌వేర్‌కు మారింది. మధ్యాహ్నం నుంచి ఇదే పనిమీద కూర్చున్నాను. పంపించామని విద్యార్థులు గట్టిగా చెబుతున్నారు, నాకు మాత్రం చాలామంది పేర్ల పక్కన ‘డ్రాఫ్ట్’ అనే కనబడుతోంది. ఇంతకు ముందు ఫైల్ కనబడితే చాలు, తెరిచి మార్కులు వేసేవాణ్ణి. ఇప్పుడు ఏం చేయాలో పాలుపోవడం లేదు.

మిర్యాలగూడ:
విద్యార్థులు వాడింది ఫోన్ యాపా, బ్రౌజరా? గడువు ఎప్పటితో ముగిసింది? ఇవి చెప్పకుండా అడిగితే ఎవరైనా ఏం చెబుతారు?

మహబూబ్‌నగర్ (విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు):
2020 సెప్టెంబరు 1న టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ఛానెళ్లలో పాఠాలు మొదలైనప్పుడు కూడా, పాఠం ప్రసారమైతే బోధన జరిగినట్టేనని మనలో చాలామంది అనుకున్నారు. పిల్లవాడు చేసిన పని మన చేతికి ఎలా వస్తుందన్నది అప్పుడూ ఎవరూ సరిగా ఆలోచించలేదు. ముందు ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వాలి, ఆ తరువాతే సాఫ్ట్‌వేర్.

దేవరకొండ:
అందరూ ఫోన్ యాప్‌లోనే చేశారు. గడువు నిన్నటితో ముగిసింది.

నల్గొండ (ఉపన్యాసకురాలు):
సార్, మీ అసైన్‌మెంట్ సెట్టింగుల్లో, విద్యార్థి సబ్మిట్ బటన్ నొక్కడం తప్పనిసరి అనే ఎంపికకు ‘అవును’ పెట్టి ఉంటుంది. అలా ఉన్నప్పుడు ఫైల్ ఎక్కించినా అది డ్రాఫ్ట్‌గానే ఉంటుంది, విద్యార్థి విడిగా సబ్మిట్ చేస్తేనే సమర్పించినట్టు. నోటుపుస్తకం బల్లమీద పెట్టి వెళ్తే ఇచ్చినట్టే అని మన పిల్లలకు అలవాటు కదా, అందుకే వాళ్ల మాటలో అబద్ధం లేదు. ఒకరి ఫోన్ తరగతిలో అందరికీ చూపించి ఆ బటన్ నొక్కించండి. వచ్చేసారి నుంచి ఆ ఎంపికకు ‘కాదు’ పెట్టుకోవచ్చు.

మిర్యాలగూడ:
గడువు దాటాక ఎలా నొక్కుతారు మేడమ్? మూసుకుపోతుంది.

నల్గొండ:
మూసేది గడువు తేదీ కాదు, కట్-ఆఫ్ తేదీ. గడువు దాటితే ఆలస్యమని చూపిస్తుంది, అంతే. కట్-ఆఫ్ కూడా దాటి ఉంటే తేదీ మార్చాలి, లేదా ఒక్కొక్కరికి విడిగా పొడిగింపు ఇవ్వాలి.

మిర్యాలగూడ:
మా దగ్గర రెండు తేదీలూ ఒకటే పెడతారు. అందుకే గడువు అన్నాను.

మహబూబ్‌నగర్:
ఫైల్ పరిమాణానికి పరిమితి ఎంత పెట్టారో కూడా చూడండి. ఫోన్‌తో తీసిన నాలుగు పేజీల ఫొటోలు 2 ఎంబీ దాటడం పెద్ద విషయం కాదు.

దేవరకొండ:
కట్-ఆఫ్ తేదీ ఎల్లుండికి మార్చాను, కొందరివి వచ్చాయి. ధన్యవాదాలు మేడమ్.