సీసీ బైకి టిక్కు పెట్టాలా, ఎన్‌డీకా?

వేరుశనగ పరిశోధకురాలు:
నాలుగేళ్లు అనంతపురం చేలల్లో తిరిగి తిక్క ఆకుమచ్చ తెగులుపై రాసిన వ్యాసాన్ని పత్రిక అంగీకరించింది. వ్యాసాన్ని అందరూ ఉచితంగా చదివేలా ఉంచే ఓపెన్ యాక్సెస్ రుసుము ప్రాజెక్టు నిధి నుంచి కడుతున్నాం. ఇప్పుడు ఫారంలో రెండు క్రియేటివ్ కామన్స్ (సీసీ) లైసెన్సుల గడులున్నాయి: సీసీ బై (పేరు చెప్పి ఎవరైనా, వ్యాపారానికైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు), సీసీ బై-ఎన్‌సీ-ఎన్‌డీ (పేరు చెప్పాలి; ఎన్‌సీ అంటే వ్యాపారానికి వాడకూడదు, ఎన్‌డీ అంటే మార్చి పంచకూడదు). మొదటిది ఎంచుకుంటే తెగులు మందుల కంపెనీలు నా ఫొటోలను కరపత్రాల్లో వాడుకుంటాయని గైడు గారి భయం. నాకూ మనసొప్పడం లేదు. ఎండలో ఆ ఆకులు ఏరింది నేను కదా! మీరైతే ఏం చేస్తారు?

గ్రంథాలయ ఉద్యోగి:
ముందు ఒప్పందం పూర్తిగా చదవండమ్మా. ఎన్‌సీ ఎంచుకుంటే వ్యాపార హక్కులు తమకే ప్రత్యేకంగా రాసిమ్మనే ప్రచురణకర్తలున్నారు. అప్పుడు కంపెనీ దగ్గర డబ్బు పుచ్చుకునేది వాళ్లే, మీరు కాదు.

పాత మాస్టారు:
నేను ఎన్‌డీకి టిక్కు పెట్టి చిక్కుకున్నాను. అనువాదం కూడా మార్పు కిందికే వస్తుంది. హక్కులేమో ప్రచురణకర్తకు రాసిచ్చేశాను. ఒక రైతు పత్రిక నా వ్యాసాన్ని తెలుగులో వేస్తామంటే అనుమతి కోసం మూడు నెలలు ఈమెయిళ్లు పంపాను. చివరికి విసుగెత్తి వేరే వ్యాసం రాసిచ్చాను. సీసీ బైలో మీ పేరు చెప్పక తప్పదు, మార్పులు చేస్తే ఆ మాటా చెప్పాలి. మీరు ఆ మందును సమర్థించినట్టు చూపడానికి వీల్లేదు.

వేరుశనగ పరిశోధకురాలు:
అనువాదం సంగతి నాకు తట్టనే లేదు మాస్టారూ. నాకు ఆకులిచ్చిన రైతులు చదివేది తెలుగే. రేపు గైడు గారితో మాట్లాడి సీసీ బైకే టిక్కు పెడతాను.