వాహనం చాటున తొక్కిన వేగం సైకిల్ రికార్డేనా?

కృష్ణాతీరం రైడర్:
మన రైడింగ్ గ్రూపుల్లో డెనీస్ ముల్లర్ కొరెనెక్ వీడియో మళ్లీ తిరుగుతోంది. 2018 సెప్టెంబర్ 16న అమెరికాలోని యూటా రాష్ట్రంలో, బానవిల్ ఉప్పు మైదానం మీద ఆమె గంటకు 296 కి.మీ. వేగంతో సైకిల్ తొక్కింది. అప్పటికి వయసు 45. ముందు డ్రాగ్ రేసు కారు, దాని వెనక గాలి తగలకుండా బిగించిన పెద్ద గూడు, ఆ గూటి చాటున ఆమె. "సైకిల్ మీద మనిషి అందుకున్న అత్యధిక వేగం" అని అందరూ పంచుకుంటున్నారు. నేను ఒప్పుకోను.

చదును రోడ్డు మీద సైకిల్ తొక్కేవాడు పోరాడేది ముఖ్యంగా గాలితోనే. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది, దాన్ని తట్టుకోవడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. ఎదురుగాలిలో ప్రకాశం బ్యారేజీ దాటినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. ఆ గాలిని కారు తీసేశాక సైక్లిస్టు గెలిచింది దేని మీద? నా లెక్కలో అసలు రికార్డు కెనడాకు చెందిన టాడ్ రైకర్ట్‌ది. 2016లో నెవాడా రాష్ట్రం బాటిల్ మౌంటెన్ దగ్గర, ముందు ఏ వాహనమూ లేకుండా, గంటకు 144.17 కి.మీ. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి ఇది పెద్దది, అది చిన్నది అనడం రైకర్ట్‌కు అన్యాయం. మీరేమంటారు?

పాత పెడల్:
అన్యాయం అనే ముందు చరిత్ర చూడండి. వాహనం చాటున తొక్కడం సైకిల్ పందేలకు కొత్త కాదు, దాదాపు వాటితోపాటే పుట్టింది. 1899 జూన్ 30న న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో రైలు పట్టాల మధ్య చెక్కలు పరిచారు. చార్ల్స్ మర్ఫీ అనే పందెగాడు రైలు పెట్టె వెనక ఒక మైలు దూరాన్ని 57.8 సెకన్లలో తొక్కాడు. చివర్లో రైల్లో ఉన్నవాళ్లు చేతులందించి అతన్ని సైకిల్‌తో సహా పైకి లాగేశారు. అప్పటి సైకిల్ మీద, చెక్కల మీద, గంటకు 100 కి.మీ. దగ్గర!

1941లో ఆల్ఫ్రెడ్ లెటూర్నర్ కాలిఫోర్నియాలో ఒక చిన్న రేసు కారు వెనక 175 దాకా వెళ్లాడు. 1962లో ఫ్రాన్స్ మనిషి జోసే మేఫ్రే జర్మనీలో, ఫ్రైబుర్గ్ దగ్గరి హైవే మీద, మెర్సిడెస్ వెనక 204 దాటాడు. ముందు చైన్ చక్రానికి 130 పళ్లు, రిమ్ములు చెక్కవి. దానికి పదేళ్ల ముందు ఇలాంటి ప్రయత్నంలోనే పడి తల పగిలి బతికి బయటపడ్డ మనిషి ఆయన. తనకేమైనా అయితే ఎవరూ జాలిపడొద్దని రాసిన కాగితం జేబులో పెట్టుకుని ఎక్కాడు. కారు లాక్కెళ్తుంటే ఊరికే కూర్చున్నవాడికి ఆ కాగితం అవసరమా?

ఫిజిక్స్ మాస్టారు:
ఇద్దరూ సగం చెప్పారు. మిగతా సగం అంకెల్లో చూద్దాం.

296 అంటే సెకనుకు 82 మీటర్లు. బానవిల్ ఎత్తులో గాలి కొంచెం పలచన. అది లెక్కలోకి తీసుకుని, వంగి తొక్కే సైక్లిస్టుకు ఆ వేగంలో తగిలే అడ్డు లెక్కేస్తే వెయ్యి న్యూటన్లు దాటుతుంది, అంటే 100 కిలోలకు పైగా బరువు ఛాతీ మీద నొక్కినట్టు. దాన్ని నెట్టాలంటే 85 కిలోవాట్లకు పైగా శక్తి కావాలి. మంచి సైక్లిస్టు గంటసేపు ఇచ్చేది 0.4 కిలోవాట్లు. కాబట్టి కృష్ణాతీరం గారు అన్నట్టు గాలిని తీసేసింది కారే, అందులో వాదన లేదు.

కానీ గాలి పూర్తిగా లేకపోయినా పని మిగులుతుంది. మనిషీ సైకిలూ కలిపి 85 కిలోలనుకుంటే, నున్నటి తారు మీద ఆ వేగంతో దొర్లడానికే దాదాపు 340 వాట్లు కావాలి. ఉప్పు నేల మీద ఇంకా ఎక్కువ. ఆదివారం రైడుకు వచ్చే మనలో ఎంతమంది 340 వాట్లు రెండు నిమిషాలు నిలబెట్టగలం?

ఇక గేరు సంగతి. నిమిషానికి 110 చుట్లు తొక్కి ఆ వేగం అందుకోవాలంటే పెడల్ ఒక్క చుట్టుకు సైకిల్ 45 మీటర్లు పోవాలి. మామూలు రేసు సైకిల్ అతి పెద్ద గేరులో కూడా 10 మీటర్లే పోతుంది. అంత పెద్ద గేరును నిలబడ్డ చోటు నుంచి ఎవరూ కదపలేరు. అందుకే మొదట కారే తాడుతో లాగి వేగం అందించాలి, తర్వాత తాడు వదిలేయాలి.

సూర్య_ట్రాక్:
మాస్టారూ, తాడుతో లాగడం కూడా ఉందా! అయితే నేను కృష్ణాతీరం వైపే. 2019లో కెన్యా రన్నర్ కిప్చోగే వియన్నాలో మారథాన్ దూరాన్ని రెండు గంటల లోపు పరిగెత్తాడు కదా. చుట్టూ గాలి కాసే రన్నర్లు వంతులవారీగా మారారు, ముందు కారు దారి చూపించింది. ప్రపంచం చప్పట్లు కొట్టింది కానీ అథ్లెటిక్స్ సమాఖ్య దాన్ని మారథాన్ రికార్డుగా రాయలేదు. ఇక్కడా అదే న్యాయం.

పాత పెడల్:
సూర్య తమ్ముడూ, కిప్చోగేది మారథాన్ రికార్డుల పట్టికలోకి ఎక్కలేదు, నిజమే. ఎందుకంటే ఆ పట్టికకు వేరే నియమాలున్నాయి. వాహనం చాటు రికార్డు ఎవరి పట్టికలోకీ చొరబడలేదు. దాని వరస దానిదే: మర్ఫీ, లెటూర్నర్, మేఫ్రే, 1973లో అలన్ అబ్బట్, 1985లో జాన్ హోవర్డ్, 1995లో 268 కి.మీ.తో నెదర్లాండ్స్ మనిషి ఫ్రెడ్ రోంపెల్‌బెర్గ్. రోంపెల్‌బెర్గ్ రికార్డు 23 ఏళ్లు నిలిచింది. దాన్ని బద్దలుకొట్టిన డెనీస్‌కు కోచ్ ఆ జాన్ హోవర్డే. ఇది ఒక పరంపర. పోటీ వాళ్లలో వాళ్లకే.

కృష్ణాతీరం రైడర్:
మాస్టారు గారికి ఒక ప్రశ్న. పెద్ద గూడు వెనక గాలి సుడి తిరిగి సైకిల్‌ను ముందుకు తోస్తుందని చదివాను. అదే నిజమైతే మీ 340 వాట్లలో కొంత ఆ సుడే ఇస్తున్నట్టు కదా?

ఫిజిక్స్ మాస్టారు:
తోస్తుంది, అది నిజం. ఎంత తోస్తుందన్నది గూడు ఆకారం మీద, మధ్య దూరం మీద ఆధారపడుతుంది. బయట నుంచి ఒక అంకె చెప్పడం సరికాదు. నన్నడిగితే ఇలాంటి ప్రయత్నాల్లో పెడల్ దగ్గర పవర్ మీటర్ తప్పనిసరి చేసి, ఆ అంకెలు బయటపెట్టాలి. అప్పుడు ఈ గొడవ సగం తీరిపోతుంది.

ఇంకో మాట. ఆ చాటు నుంచి జారితే ఏమవుతుందో ఆలోచించారా? ఇందాక చెప్పిన వెయ్యి న్యూటన్లు ఒక్కసారిగా తగులుతాయి. కారులో సడన్ బ్రేక్ వేసినప్పటి కన్నా పెద్ద కుదుపు అది, అదీ రెండు చక్రాల మీద. వెనకబడకూడదు, ముందుకెళ్లి గూటికి తగలకూడదు. ఈ నైపుణ్యాన్ని సున్నా అనలేం.

మాధవి_బీచ్‌రోడ్:
ఇంతసేపూ ఒక మనిషిని ఎవరూ తలుచుకోలేదు. ఆ కారు నడిపింది షే హాల్‌బ్రూక్, రేసింగ్ డ్రైవర్. ఆమె ఒక్కసారి యాక్సిలరేటర్ గట్టిగా నొక్కితే డెనీస్ చాటు తప్పి ఎదురుగాలికి చిక్కుతుంది, కాలు తీసేస్తే గూటికి గుద్దుకుంటుంది. మామూలు డ్రాగ్ రేసులో వేగం ఎంత తొందరగా పెరిగితే అంత గొప్ప. ఇక్కడ వెనకున్న మనిషి కాళ్లు అందుకోగలిగినంత మెల్లగా, కుదుపు లేకుండా పెంచుతూ పోవాలి. అది వేరే విద్య. నాకు ఇది ఇద్దరు ఆడవాళ్లు కలిసి సాధించిన రికార్డుగా కనిపిస్తుంది. మరుసటి ఏడాది ఇంగ్లండ్‌లో నీల్ క్యాంబెల్ పోర్షే కారు వెనక 280 తొక్కి మగవాళ్లలో మొదటి స్థానం అందుకున్నాడు, అయినా డెనీస్‌ను దాటలేదు. వార్తల్లో మాత్రం తొక్కినవాళ్ల పేరే పెద్దక్షరాల్లో ఉంటుంది, నడిపినవాళ్ల పేరు వెతుక్కోవాలి. నా అభ్యంతరం అక్కడే.

హైవే నాన్న:
పెద్దలు ఏమనుకోకండి, నా భయం వేరు. ఈ వీడియోలు చూసి మన కుర్రాళ్లు లారీల వెనక, ఆర్టీసీ బస్సుల వెనక దూరుతున్నారు. ఇప్పటికే ట్రాక్టర్ ట్రాలీ పట్టుకుని ఊళ్లకు వెళ్లే పిల్లలున్నారు. ఇలాంటి రికార్డుల్ని పొగడటం మానేద్దాం.

మాధవి_బీచ్‌రోడ్:
అన్నా, మీ భయం నిజమే. అందుకే డ్రైవర్ గురించి అంత గట్టిగా చెప్పాను. బానవిల్‌లో ఎదురొచ్చే బండి లేదు, గుంత లేదు, ముందున్న మనిషికి వెనకున్న మనిషి ప్రాణం తన చేతిలో ఉందని తెలుసు. లారీ డ్రైవర్‌కు వెనక పిల్లాడున్నాడనే తెలియదు. గేదె అడ్డొస్తే బ్రేక్ వేస్తాడు, అంతే. గ్రూపులో ఆ వీడియో పెట్టిన ప్రతిసారీ ఈ సంగతి కూడా రాద్దాం.

కృష్ణాతీరం రైడర్:
మాధవి గారి మాటకు నా మద్దతు. నేనడిగేదీ అలాంటిదే. చాటు రికార్డులు వేరే పట్టికలో ఉండాలి, అందులో వాహనం పేరు, డ్రైవర్ పేరు, తాడు వదిలినప్పటి వేగం, పెడల్ వాట్లు అన్నీ ఉండాలి. "అత్యంత వేగవంతమైన సైక్లిస్టు" అన్న బిరుదు మాత్రం రైకర్ట్‌కే.

పాత పెడల్:
పట్టిక విషయంలో ఒప్పుకుంటాను, బిరుదు విషయంలో ఒప్పుకోను. రైకర్ట్ మాత్రం గాలికి ఎదురెళ్లాడా? చేప ఆకారంలో ఉన్న మూసిన గుల్లలో, వెనక్కి వాలి పడుకుని తొక్కాడు. అతనూ గాలి నుంచి దాక్కున్నవాడే. 1933లో ఫ్రాన్సిస్ ఫోర్ వాలి తొక్కే సైకిల్ మీద గంటలో 45 కి.మీ. దాటితే, మరుసటి ఏడాది అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య అలాంటి సైకిళ్లనే పక్కన పెట్టేసింది. ఆ సమాఖ్య లెక్కలో రైకర్ట్‌కూ చోటు లేదు. అప్పుడు ఇటలీ సైక్లిస్టు ఫిలిప్పో గన్నా 2022లో గంటలో తొక్కిన 56.792 కి.మీ. ఒక్కటే మిగులుతుంది. గీత ఎక్కడ గీస్తారు?

కృష్ణాతీరం రైడర్:
గీత తేలిక. రైకర్ట్ గుల్లను ముందుకు నెట్టింది రైకర్ట్ కాళ్లే. దాని బరువూ, దాని చుట్టూ గాలి అడ్డూ అతని ఖాతాలోనే పడ్డాయి. డెనీస్ ముందున్న గూటిని నెట్టింది ఇంజిన్. గాలిని చీల్చే శక్తి ఎవరి ఒంట్లోంచి వచ్చిందన్నదే నా కొలత. మీరు చెప్పిన అలన్ అబ్బట్‌నే చూడండి. కారు వెనక 223 తొక్కిన మనిషే తర్వాత మనిషి బలంతోనే నడిచే వాహనాల సంఘాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఒకడయ్యాడు.

పాత పెడల్:
అయ్యాడు. కానీ ఆ 223ని వెనక్కి తీసుకోలేదు.