ఐదు నిమిషాల పేక మ్యాజిక్‌కి మూడు ట్రిక్కులు కావాలా, ఒక్కటి చాలా?

కొత్తచెయ్యి:
మా అపార్ట్‌మెంట్ వినాయక చవితి మండపంలో ఈసారి నాకు ఐదు నిమిషాలు ఇచ్చారు. ఎదురుగా ఓ అరవై మంది ఉంటారు, ముందు వరసల్లో పిల్లలు. నేను అనుకున్న వరస ఇది. ముందు 21 ముక్కల ట్రిక్కు, అంటే ముక్కల్ని మూడు దొంతరలుగా మూడుసార్లు పంచి, ప్రతిసారీ తలచుకున్న ముక్క ఏ దొంతరలో ఉందో అడిగి, చివరికి దాన్ని కనిపెట్టేది. తర్వాత ఆంబిషస్ కార్డ్, అంటే మధ్యలో పెట్టిన ముక్క మళ్లీ మళ్లీ పేక పైకి వచ్చేది. చివర్లో, ముక్కలు బోర్లించే ఉండగా ఒకరి చేత ఎరుపూ నలుపూ వేరు చేయించేది. మా అన్నయ్యేమో "మూడెందుకురా, ఒక్కటే బాగా చెయ్యి" అంటున్నాడు. ఒక్కటే అయితే జనానికి బోరు కొడుతుందేమోనని నా టెన్షన్. మీరేమంటారు?

తురుపుముక్క:
మీ అన్నయ్య మాటే నా మాట తమ్ముడూ. ముందు 21 ముక్కల సంగతి చూద్దాం. 21 ముక్కలు మూడుసార్లు పరచాలంటే చెయ్యి 63 సార్లు ఆడాలి. ముక్కకి ఒక్క సెకను వేసుకున్నా నిమిషం దాటిపోతుంది, ఆ నిమిషంలో జనం చూసేది నువ్వు ముక్కలు పంచడమే. మా బంధువుల పెళ్లింట్లో నేనిది చేశాను. మొదటిసారి పరిచినప్పుడు చుట్టూ పదిమంది ఉన్నారు. మూడోసారికి ముక్క తలచుకున్న అమ్మాయి, ఆమె పక్కన ఇంకొకరు మిగిలారు. మిగతావాళ్లు బంతి వేశారని భోజనాలకి వెళ్లిపోయారు. పదకొండో ముక్క తిప్పి ఆఠీన్ రాణి చూపిస్తే ఆ అమ్మాయి మర్యాదకి నవ్వింది. ఆ నవ్వు నాకిప్పటికీ గుర్తుంది.

ఇక వరసలో అసలు పొరపాటు వేరే ఉంది. ఎరుపు నలుపు ట్రిక్కుకి పేకని ముందే సర్దుకోవాలి. పాల్ కర్రీ అనే మెజీషియన్ 1942లో బయటపెట్టిన దగ్గర్నుంచీ దీన్ని రకరకాలుగా చేస్తున్నారు కానీ సర్దుబాటు లేనిదే మామూలు పద్ధతి నడవదు. నువ్వు దాన్ని ఆఖర్న పెట్టావు. అంతకుముందే రెండు ట్రిక్కుల్లో పేకంతా కలిసిపోతుంది కదా! జనం ముందు మళ్లీ ఎలా సర్దుతావు? ముందే సర్దిన పేకతో చేసేది ఎప్పుడూ మొదట రావాలి, లేదంటే రెండో పేక ఉండాలి.

ఆంబిషస్ కార్డ్‌కి ఆ గొడవ లేదు. ఎవరి చేతిలోంచి పేక తీసుకున్నా మొదలుపెట్టొచ్చు. ఒకరి చేత ముక్క మీద మార్కర్‌తో సంతకం పెట్టించు, వెనక వరసకి కూడా అదే ముక్క అని తెలుస్తుంది. ఒకే ట్రిక్కు మళ్లీ చేయకూడదని పాత మాట ఉంది, నిజమే. కానీ ఇందులో కనపడేది ఒకటే అయినా, చేసే పద్ధతి ప్రతిసారీ మారుతుంది. 1922లో షికాగోలో డై వెర్నన్ అనే పేక మెజీషియన్, అప్పటికే పేరుమోసిన మెజీషియన్ హూడినీని తికమక పెట్టింది ఈ కోవ ట్రిక్కుతోనే. ఏ ట్రిక్కునైనా మూడుసార్లు చూస్తే గుట్టు చెప్పేస్తానని హూడినీ అనేవాడు. అంతకంటే ఎక్కువసార్లు చూపించినా ఆయనకి అంతు చిక్కలేదు. చూసేవాడు ఒక దారి కనిపెట్టాననుకునేలోపు వెర్నన్ ఇంకో దారిలో ఉన్నాడు.

లెక్కల మాస్టారు:
తురుపుముక్క గారూ, మీ అనుభవాన్ని కాదనను కానీ తప్పు ట్రిక్కుది కాదు, దాన్ని చూపించిన తీరుది. నేను హైస్కూల్లో పిల్లలకి 27 ముక్కలతో చేస్తాను. ముక్క తలచుకున్న పిల్లాడిని 1 నుంచి 27 లోపు ఒక అంకె కూడా చెప్పమంటాను. 20 అన్నాడనుకోండి. అందులో ఒకటి తీసేస్తే 19. దాన్ని ఒకట్లు, మూళ్లు, తొమ్మిదులుగా విడగొడితే ఒక ఒకటి, సున్నా మూళ్లు, రెండు తొమ్మిదులు. ఒకటి అంటే మధ్య, సున్నా అంటే పైన, రెండు అంటే కింద. ముక్కలు ముఖం పైకి ఉండేలా మూడు దొంతరలుగా పంచి, వాడు చూపించిన దొంతరని మొదటిసారి మధ్యలో, రెండోసారి పైన, మూడోసారి అడుగున పెడతాను. ప్రతిసారీ దొంతరల్ని బోర్లించి పేరుస్తాను. పైనుంచి లెక్కపెడితే సరిగ్గా ఇరవయ్యో ముక్క వాడిదే! అంకె వాడే చెప్పాడు కాబట్టి క్లాసంతా గట్టిగా లెక్కపెడుతుంది, పద్దెనిమిది, పంతొమ్మిది దగ్గరకొచ్చేసరికి బెంచీల మీద ఎవరూ కూర్చోరు. ఇందులో హస్తలాఘవం అక్కర్లేదు. కొత్తవాడికి చెయ్యి వణికి రెండు ముక్కలు విడిపోతే ఐదు నిమిషాలూ పోతాయి. లెక్క మాత్రం వణకదు.

బందరు బాబాయ్:
మాస్టారి మాటకి నా ఓటు సగమే. క్లాసులో ముప్పై మంది బల్ల చుట్టూ మూగుతారు. మండపంలో బల్ల మీద పరిచిన ముక్కలు మూడో వరసకే కనపడవు. చేతిలో ఎత్తి పట్టుకునేదే అక్కడ నిలబడుతుంది. ఇంకోటి బాబూ, చవితి రోజుల్లో ఉక్కకి చేతులు చెమర్చి ముక్కలు అంటుకుంటాయి. జేబులో రుమాలు పెట్టుకో. ఇంట్లో రమ్మీ ఆడే పాత పేక వద్దు, కొత్తది కొనుక్కో.

తురుపుముక్క:
మాస్టారూ, అంకె చెప్పించడం అనేది నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నాను, అప్పుడు చూసేవాళ్లకి ఎదురుచూడ్డానికి ఒకటి దొరుకుతుంది. అయినా పంచడమే 81 ముక్కలు, పైన లెక్క ఇంకో ఇరవై. క్లాసులో గంట ఉంది కాబట్టి చెల్లింది. ఐదు నిమిషాల్లో అదొక్కటే పడుతుంది, అంటే మీరు కూడా చివరికి ఒక్కటే చెయ్యమంటున్నారు.

చెయ్యి వణుకుతుందన్నది మాత్రం నిజమైన భయమే. తమ్ముడూ, ఆంబిషస్ కార్డ్‌కి ప్రాణం డబుల్ లిఫ్ట్, రెండు ముక్కల్ని ఒకటిగా ఎత్తడం. చాలామంది ఎత్తే క్షణంలో బొటనవేలితో వెతుక్కుంటారు, అక్కడే దొరికిపోతారు. జనంతో మాట్లాడుతున్నప్పుడే పై రెండు ముక్కల కింద చిటికెన వేలి కండ కొద్దిగా దూర్చి ఉంచుకో. ఎత్తాల్సిన క్షణానికి చేతికి పనే ఉండకూడదు. అద్దం ముందు కాకుండా ఫోన్‌లో వీడియో తీసుకుని చూడు. అద్దంలో చూసుకుంటే దొంగపని జరిగే క్షణంలో మన కళ్లు మనకి తెలియకుండానే మూసుకుపోతాయి. నేను ఏడాదిపాటు రెప్ప వేస్తూనే చేశానని వీడియో చూశాకే తెలిసింది.

లెక్కల మాస్టారు:
ఆ కుర్రాడికి ఎన్ని రోజులున్నాయో అడగలేదు మనం. నెల ఉంటే మీ దారి. వారం ఉంటే నా దారి.

కొత్తచెయ్యి:
ఇంకా ఐదు వారాలున్నాయి మాస్టారూ. నిన్న రాత్రి వీడియో తీసుకున్నాను. రెప్ప వేస్తున్నాను, పైగా డబుల్ లిఫ్ట్ దగ్గర మాట ఆగిపోతోంది. 21 ముక్కలు తీసేశాను. ఎరుపు నలుపు కూడా తీసేశాను, అది తీసేయడమే కష్టంగా అనిపించింది. ఇస్పేట్ ఆసు మీద మా పిన్ని కూతురు సంతకం పెట్టింది, మూడుసార్లు పైకి తెచ్చాను. రెండోసారి దొరికిపోయాను. ఎక్కడ దొరికానో మాత్రం తను చెప్పడం లేదు, మళ్లీ చెయ్యమంటోంది.